బ్లైండ్ తాడు తెగితే ముడి వేయకండి, తెగిన చోటు చూడండి

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకే తెలుస్తుంది. హనుమకొండలో మీ ఫ్లాటు పడమటి గది కిటికీకి నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు ఉన్న అల్యూమినియం రెక్కల బ్లైండ్ ఉంది. పెట్టించి తొమ్మిదేళ్ళయింది. పొద్దుటి పూట సగానికి ఎత్తి ఉంచుతారు, ఎండ తిరగ్గానే దించుతారు. పోయిన వారం తాడు లాగితే ఎడమ వైపు లేచింది, కుడి వైపు అలాగే వేలాడింది. తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకుని ముడి వేశారు. బ్లైండ్ పైకి లేచింది గాని దించబోతే సగంలో బిగుసుకుపోయింది. దుకాణంలో అడిగితే వీటికి రిపేరు ఉండదు, కొత్తది వేయించుకోండి అన్నారు. ఇంట్లో రెండేళ్ళ మనవరాలు ఉంది.

రిపేరు ఉంది. చేదతాడు తెగిందని ఎవరూ బావి పూడ్చుకోరు. ఇరవై రెండేళ్ళుగా హనుమకొండ, కాజీపేట, వరంగల్ ఇళ్ళకు, ఆఫీసులకు పరదాలు, బ్లైండ్లు బిగించడమే నా పని. కొత్తది అమ్మితే దుకాణానికి నాలుగు డబ్బులు మిగులుతాయి, తాడు మారిస్తే వచ్చి వెళ్ళిన పెట్రోలు కూడా గిట్టదు. అందుకే ఆ మాట వచ్చింది, ఆయన్ని నేను తప్పు పట్టను. ఈ పనికి నాకు గంట పడుతుంది. మొదటిసారి చేసే మీకు ఆదివారం టిఫిన్ అయ్యాక మొదలుపెడితే భోజనం వేళకు అయిపోతుంది. కావలసినవి తాడు, స్క్రూడ్రైవర్, కత్తెర, సూదీ దారం, అగ్గిపెట్టె. వీటిలో మీరు కొనవలసింది తాడు ఒక్కటే.

అయితే ముందు ఆ బిగుసుకున్న తాడును లాగడం ఆపండి. బలంగా లాగితే వస్తుందని అనిపిస్తుంది. రాదు. బ్లైండ్ పైన ఉన్న పొడవాటి రేకు పెట్టెలో, తాళ్ళు కిందికి దిగే చోట ఒక ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్నే లాక్ అంటాం. అందులో అగ్గిపుల్ల అంత లోహపు కడ్డీ ఒకటి, దాని చుట్టూ సన్నని పళ్ళు. ఆ కడ్డీ వాలుగా ఉన్న గాడిలో జారుతుంది. తాడును కిటికీ మధ్య వైపు లాగితే కడ్డీ పైకి లేచి దారి ఇస్తుంది. బయటి వైపు లాగి వదిలితే కిందికి జారి తాడును లాక్ లోపలి ప్లాస్టిక్ గోడకు అదిమి పట్టుకుంటుంది. బ్లైండ్ బరువు ఎంత లాగితే పట్టు అంత బిగుస్తుంది. ఆ సందు నిండు తాడుకే సరిపోయేంత ఉంటుంది, ముడి అందులో పట్టదు. మీరు లాగే కొద్దీ ముడి గట్టిపడుతుంది, పళ్ళు అందులోకి దిగుతాయి, చివరికి ప్లాస్టిక్ గోడ పగులుతుంది. అప్పుడు దుకాణం ఆయన మాటే నిజమవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. తాడు ఊరికే తెగదు, తెగిన చోటే కారణం చెబుతుంది. మీరు రోజూ పొద్దున బ్లైండ్‌ను ఒకే ఎత్తులో, సగానికి ఆపుతున్నారు. అంటే తొమ్మిదేళ్ళుగా ఆ కడ్డీ పళ్ళు తాడును ఒకే చోట కొరుకుతున్నాయి. బ్లైండ్ దించినప్పుడు ఆ నలిగిన చోటు పెట్టె దాటి రెక్కల్లోకి వెళ్ళిపోతుంది కాబట్టి మీ కంట పడలేదు. తెగిన కొసను చూడండి. దూదిలా విడిపోయి, బూడిద రంగు మసి పట్టి ఉంటే లాక్ దగ్గర నలిగి తెగింది. కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే ఏదో ఒక రెక్క రంధ్రం అంచు కోసింది. గిల్లితే పెళుసుగా తునిగిపోతుంటే ఎండకు మాడింది. ఈ మూడింటికీ చేయవలసిన పని వేరు.

రెండో రకం నాకు బాగా బుద్ధి చెప్పింది. సుబేదారిలో ఒక ఇంటికి ఏడాదిన్నరలో రెండుసార్లు తాడు మార్చాను. మూడోసారి ఫోను వచ్చినప్పుడు ఆ ఇంటావిడ, తాడు మంచిది కాదా, పనివాడు మంచివాడు కాదా అని అడిగారు. అప్పుడు గాని రెక్కలు ఒక్కొక్కటి చూడలేదు. కింద నుంచి ఏడో రెక్కలో రంధ్రం అంచున సన్నని రేకు ముల్లు లేచి ఉంది. కంటికి కనపడలేదు, వేలికి తగల్లేదు. చిటికెడు దూది తీసి ప్రతి రంధ్రం అంచునా రుద్దుకుంటూ వస్తే అక్కడ మాత్రం పోగు చిక్కుకుంది. అప్పటి నుంచి నా సంచిలో దూది ఎప్పుడూ ఉంటుంది. ముల్లు దొరికితే 320 నంబరు ఎమెరీ కాగితాన్ని అగరుబత్తి పుల్లకు చుట్టి నాలుగుసార్లు తిప్పితే చాలు. మీది లాక్ దగ్గర తెగిందనే నా నమ్మకం, అయినా బ్లైండ్‌ను గోడ నుంచి దించాక ఈ దూది పరీక్ష తప్పక చేయండి.

తాడు సంగతి. జడలా అల్లిన పాలిస్టర్ తాడు కొనండి, పేనిన తాడు వద్దు. పేనినది లాక్‌లో తిరుగుతూ పురి విప్పుకుంటుంది. మీలాంటి ఒక అంగుళం రెక్కల బ్లైండ్‌కు 1.4 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది, రెండంగుళాల చెక్క రెక్కలకు 2 దాకా వెళ్ళవచ్చు. అంగుళం రెక్కల లాక్‌లో 2 మిల్లీమీటర్ల తాడు పెడితే కడ్డీ లేవదు. మరీ సన్నది పెడితే పట్టు దొరక్క బ్లైండ్ దానంతట అదే జారుతుంది. అంకెలు చెబితే దుకాణంలో తికమక పడతారు, తెగిన ముక్క జేబులో వేసుకుని వెళ్ళి పక్కన పెట్టి చూసుకోండి. పరదాల సామాను అమ్మే చోట అడగండి, లేకపోతే దర్జీలకు సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది.

నూలు తాడు ఇస్తామంటే వద్దనండి. వరంగల్ కొత్తవాడ నేతకారుల జంపఖానాలకు నూలు అందం, 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కిటికీ తాడుకు మాత్రం నూలు పనికిరాదు. తడి తగిలితే కుదించుకుపోతుంది, ఎండకు నీరసిస్తుంది. నైలాన్ కూడా అంతే, చెమ్మ పీల్చుకుంటుంది, బరువుకు సాగుతుంది. రెండు తాళ్ళు ఒకేలా సాగవు కాబట్టి ఆరు నెలలకు బ్లైండ్ ఒక పక్కకు ఒరుగుతుంది. చేపల వల దారం గట్టిదని వాడినవారినీ చూశాను. అది నున్నగా ఉండి లాక్‌లో నిలవదు, పైగా చేతిని కోస్తుంది. చేతికి వచ్చిన తాడు ఏ జాతిదో తెలియకపోతే కొస ఒకటి కాల్చి చూడండి. కాగితంలా మండి బూడిద అయితే నూలు. కరిగి పూసలా గట్టిపడితే పాలిస్టర్ లేదా నైలాన్. ఆ పూసగట్టిన ముక్కను రెండు చేతులా గట్టిగా లాగండి, బాగా సాగితే నైలాన్.

తెగింది ఒక్క తాడే కదా, అదొక్కటే మారిస్తే సరిపోదా అంటారు. సరిపోదు. రెండో తాడూ అదే ఎండలో, అదే పళ్ళ కింద తొమ్మిదేళ్ళు ఉంది. ఇవాళ వదిలేస్తే కొద్ది నెలల్లో ఇదే పని మళ్ళీ చేస్తారు. పైగా పాతది సాగి ఉంటుంది, కొత్తది సాగదు, రెండింటి పొత్తు కుదరదు.

ఎంత కొనాలో కూడా చెబుతాను, ఎందుకంటే అందరూ ఇక్కడే పొరబడి రెండోసారి దుకాణానికి పరిగెత్తుతారు. ప్రతి తాడూ మూడు దూరాలు నడుస్తుంది: కింది పట్టీ నుంచి పైకి, పై పెట్టెలో అడ్డంగా లాక్ దాకా, అక్కడి నుంచి మీ చేతికి. మీ బ్లైండ్ ఎత్తు 150 సెంటీమీటర్లు, వెడల్పు 120. లాక్ కుడి చివర ఉంది, రంధ్రాలు రెండు చివరల నుంచీ 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయనుకోండి. బ్లైండ్ పూర్తిగా దించినప్పుడు చేతికి 90 సెంటీమీటర్ల తాడు వేలాడితే చాలు. అప్పుడు కుడి తాడుకు 150, 15, 90 కలిపి 255. ఎడమ తాడుకు 150, 105, 90 కలిపి 345. ముళ్ళకు, చేతి పనికి చెరో 30 కలిపితే మొత్తం 6 మీటర్ల 60. ఎనిమిది మీటర్లు కొనండి. మిగిలిన ముక్క ఎక్కడికీ పోదు.

ఇప్పుడు దించడం. స్టూలు ఎక్కే ముందు, బ్లైండ్ గోడకు ఉండగానే, ఫోనుతో నాలుగు ఫొటోలు తీయండి: లాక్‌ను కింద నుంచి ఒకటి, కుడి చివర, ఎడమ చివర, కింది పట్టీ అడుగు భాగం. పెట్టె చేతికి వచ్చాక పైనుంచి మరొకటి, తాళ్ళు లోపల ఏ దారిన పోతున్నాయో కనబడేలా. నాకు ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ ఫొటో అవసరమవుతుంది. తరువాత పెట్టె రెండు చివరలా ఉన్న బిగింపుల మూతలు తెరవండి. ఎండకు అవి పెళుసుబారి ఉంటాయి, స్క్రూడ్రైవర్ కొనతో మెల్లగా పైకి లేపాలి గాని వేలితో గుంజకూడదు. మూతలు తెరుచుకున్నాక పెట్టె ముందుకు జారి వస్తుంది. ఒకరు కింద పట్టుకుంటే మంచిది, రెక్కలు వంగితే మళ్ళీ తిన్నగా కావు. మంచం మీద దుప్పటి పరచి దాని మీద పడుకోబెట్టండి.

లాక్‌లో ఇరుక్కున్న ముడిని పెట్టె లోపలి నుంచే తీయాలి. లాక్ కింద వేలాడే తాళ్ళలో ముడి పడినదాన్ని కత్తెరతో కోసేయండి. పెట్టెను తలకిందులుగా పట్టుకుంటే కడ్డీ తన బరువుకే వెనక్కి జారుతుంది. అప్పుడు మొండి పుల్లతో ముడిని కింద నుంచి లోపలికి నెడితే ఊడి వస్తుంది. ఆ తరువాత పాత పళ్ళ బ్రష్షుతో లాక్‌ను శుభ్రం చేయండి. మన దగ్గర దుమ్ము తక్కువేమీ కాదు, తొమ్మిదేళ్ళది అక్కడ గడ్డకట్టి ఉంటుంది. కుట్టు మిషను నూనె రెండు చుక్కలు వేయాలని చేయి లాగుతుంది, వేయకండి. నూనెకు దుమ్ము అంటి పిండిలా తయారవుతుంది, తాడు నల్లబడుతుంది, పట్టు పోతుంది. లాక్ పొడిగా ఉండాలి.

తాడు ఎక్కించడంలో కష్టమంతా కొత్త దారి వెతుక్కోవడంలోనే ఉంటుంది. పాత తాడు లోపల ఉన్నంత వరకు ఆ కష్టం లేదు, అదే దారి చూపుతుంది. అందుకే పాత తాడును ముందే పీకేయకూడదు. ముందు ఎడమ వైపు, అంటే తెగని తాడుతో మొదలుపెట్టండి. కింది పట్టీ అడుగున ప్లాస్టిక్ గుండీ ఉంటుంది, దాన్ని లేపితే ముడి కనబడుతుంది. ముడి కోసి, పాత తాడు కొసను కొత్త తాడు కొసకు ఎదురెదురుగా ఆనించి, సూదీ దారంతో అటూ ఇటూ నాలుగైదు కుట్లు వేయండి. ముడి వద్దు, ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టడం కూడా వద్దు, కొసకు కొస. పైన సన్నని సెల్లోటేపు ఒక్క చుట్టు. కొందరు రెండు కొసలనూ కరిగించి అతికిస్తారు. బాగానే ఉంటుంది గాని అక్కడ గట్టి గడ్డ మిగిలి లాక్ పళ్ళలో చిక్కుకుంటుంది, నేను మానేశాను. ఇక పై నుంచి పాత తాడును మెల్లగా లాగుతూ ఉంటే వెనకే కొత్తది రెక్కలన్నీ దాటి, పెట్టెలో నడిచి, లాక్ గుండా బయటికి వస్తుంది. లాగే చేతికి ఎక్కడైనా అడ్డు తగిలితే బలం పెట్టకండి, వెనక్కి ఒక అంగుళం తీసి మళ్ళీ లాగండి.

కుడి వైపు తాడు సగంలో తెగింది కాబట్టి కింది ముక్క రెక్కల్లోనే ఉంటుంది. ఇదే పద్ధతిలో దాన్ని పెట్టె దాకా లాగవచ్చు. అక్కడి నుంచి లాక్ దాకా ఉన్న కొద్ది దూరం చేత్తో ఎక్కించాలి. కొత్త తాడు కొసను కాల్చి, ఇంకా మెత్తగా ఉండగానే తడి గుడ్డతో పట్టుకుని మొనలా సాగదీయండి. తడి గుడ్డ మరిచిపోకండి, కరిగిన పాలిస్టర్ వేలికి అంటుకుంటే చర్మంతో పాటు వస్తుంది. గట్టిపడిన ఆ మొన లాక్ సందులోకి సూదిలా దూరుతుంది. రెండు తాళ్ళూ లాక్‌లో పక్కపక్కనే నడవాలి, ఒకదాని మీదుగా ఇంకొకటి దాటకూడదు. దాటితే పట్టు ఒక తాడుకే దొరుకుతుంది.

ఈ సమాధానం చదివే మరొకరికి తాడు మొత్తంగా ఊడి వచ్చేసి ఉండవచ్చు, వారి కోసం నాలుగు మాటలు. లంగాకు బొందు పిన్నీసుతో ఎక్కించినవారికి ఈ పని చేతిలో ఉన్నట్టే. ఇక్కడ పిన్నీసు బదులు కొబ్బరి ఈనె చీపురు పుల్ల తీసుకుని, దాని సన్నని కొసకు తాడును సెల్లోటేపుతో చుట్టండి. దబ్బనం వాడకండి, దాని మొన నిచ్చెన దారాన్ని చీలుస్తుంది. నిచ్చెన దారం అంటే రెక్కలను మోసే సన్నని దారం, నిచ్చెన మెట్లలా అడ్డపోగులు ఉంటాయి. గమనించవలసింది ఇదే: తాడు రెక్క రంధ్రంలోంచి పోతూ ఒక అడ్డపోగుకు కుడి పక్కగా, తరువాతి దానికి ఎడమ పక్కగా, మళ్ళీ కుడి పక్కగా దాటాలి. నేతలో పోగు కిందా మీదా నడిచినట్టే. అన్నీ ఒకే పక్కగా దాటిస్తే బ్లైండ్ లేస్తుంది, దిగుతుంది, కొన్నాళ్ళకు రెక్కలు మాత్రం పక్కకు జారి బయటికి వస్తుంటాయి. కారణం తెలియక తల పట్టుకుంటారు. ముప్పై నలభై రెక్కలు గుచ్చాక ఒకటి తప్పిందని తెలిస్తే ఎంత ఒళ్ళు మండుతుందో నాకు తెలుసు. పది రెక్కలకు ఒకసారి ఆగి వెనక్కి చూసుకోండి.

ఇక కింది పట్టీ దగ్గర ముడి. వెంటనే గట్టిగా వేయకండి, జారుముడి వేసి బ్లైండ్‌ను గోడకు బిగించి ఒకసారి పూర్తిగా ఎత్తి దించండి. కొత్త తాడు సర్దుకుని సెంటీమీటరు అటూ ఇటూ అవుతుంది. అప్పుడు కింది పట్టీ రెండు చివరల నుంచి కిటికీ గడప దాకా కొలవండి. మేస్త్రీల రసమట్టం ఉన్నవాళ్ళు అది పెట్టి చూస్తారు. నేను పెట్టను. పాత ఇళ్ళలో గడపే ఒక పక్కకు వాలి ఉంటుంది. బ్లైండ్ మట్టంగా ఉండి గడప వాలి ఉంటే చూసేవాళ్ళకు వంకర బ్లైండ్‌గానే కనబడుతుంది, నన్నే అంటారు. గడపతో సమానంగా పెట్టండి. సరిపోయాక ఎనిమిది అంకెలా మెలితిప్పి ముడి వేసి, కొసను కాల్చి పూస చేసి, గుండీని నొక్కేయండి. మామూలు ముడి బరువుకు రంధ్రంలోంచి జారిపోతుంది. రంధ్రం పెద్దగా ఉంటే ముడికి ముందు చిన్న వాషరు ఒకటి గుచ్చండి.

మీ మనవరాలి సంగతి ఈ పనిలో భాగమే. మీ బ్లైండ్‌లో రెండు తాళ్ళూ కింద ఒకే ప్లాస్టిక్ గంటలోకి, అంటే చేత్తో పట్టుకు లాగే గంటలాంటి పిడిలోకి, కలిసి ఉన్నాయని మీరు పంపిన ఫొటోలో కనబడుతోంది. అది ఉచ్చు. పిల్ల తల దూర్చగలిగేంత ఉచ్చు కిటికీ పక్కన వేలాడకూడదు. ఇది నా భయం మాత్రమే కాదు. 2009 డిసెంబరులో అమెరికాలో రోమన్ షేడ్లు (మడతలుగా పైకి లేచే గుడ్డ తెరలు), చుట్టుకునే బ్లైండ్లు కలిపి 5 కోట్లకు పైగా, పిల్లల మెడకు తాళ్ళు బిగుసుకుంటున్నందుకే వెనక్కి పిలిచారు. ఇప్పుడు కొత్త తాళ్ళు వేస్తున్నారు కాబట్టి ప్రతి తాడుకూ విడిగా ఒక గంట పెట్టండి. లాగేటప్పుడు రెండూ కలిపి పట్టుకుంటే సరిపోతుంది. తాడు వేలాడే పొడవు పైన చెప్పిన 90 సెంటీమీటర్లు మించనివ్వకండి.

రెండోది చాలామంది మరిచిపోతారు. రెక్కల మధ్య నుంచి పిల్లలు తాడును వేలితో లాగితే లోపలి వైపు ఉచ్చు తయారవుతుంది. దానికి విరుగుడుగా బ్లైండ్ పూర్తిగా దించి ఉన్నప్పుడు లాక్‌కు రెండు మూడు సెంటీమీటర్ల కింద, ప్రతి తాడుకూ చిన్న వాషరు గుచ్చి ముడి వేయండి. అప్పుడు లోపలి నుంచి లాగినా ముడి లాక్‌కు తగిలి ఆగిపోతుంది, తాడు పొడవు పెరగదు. ముడి లాక్ దగ్గర వద్దని మొదట అన్న నేనే ఇక్కడ ముడి వేయమంటున్నాను. తేడా ఏమిటంటే ఈ ముడి ఎప్పుడూ లాక్ బయటే ఉంటుంది, లోపలికి పోవలసిన అవసరమే రాదు. ఇక మూడోది, బ్లైండ్ ఎత్తి ఉంచినప్పుడు మిగిలే పొడవాటి తాడు. గోడకు తాడు చుట్టే కొక్కెం ఒకటి నేల నుంచి కనీసం 1.5 మీటర్ల ఎత్తున బిగించండి. యూరప్ నిబంధనల్లో ఉన్న ఎత్తు కూడా అదే. ఆ కిటికీ కింద దివాను గాని, పిల్ల మంచం గాని ఉంటే జరపండి, ఎక్కి నిలబడితే మీ 1.5 మీటర్ల లెక్క పోతుంది.

మిగతా రకాల గురించి అడిగినవారికి క్లుప్తంగా. గుడ్డతో కుట్టిన రోమన్ షేడ్‌లో తాడు దాదాపు ఎప్పుడూ అన్నిటికన్నా కింది రింగు దగ్గరే తెగుతుంది, బరువంతా అక్కడే పడుతుంది కాబట్టి. షేడ్ దించి, వెనక్కి తిప్పి, రింగుల్లోంచి కొత్త తాడు దూర్చి కింద ముడి వేస్తే పావుగంట పని. రింగు అరిగి గాడి పడి ఉంటే రింగు కూడా మార్చండి.

బాల్కనీ వెదురు తెరలది వేరే కథ. అక్కడ తాడు పైన ఒక కొస కట్టి ఉంటుంది, వెనక నుంచి దిగి, తెర చుట్ట కింద నుంచి తిరిగి, ముందు నుంచి పైకి పోయి కప్పీ మీదుగా చేతికి వస్తుంది. చుట్ట తనే కదిలే కప్పీలా పనిచేస్తుంది కాబట్టి లాగే బరువు సగమే, కాని రెండింతల తాడు లాగాలి. పొడవు కొలిచేటప్పుడు ఇది మరిచి తక్కువ కొంటారు. వానకు తడిసేది కనుక అక్కడ కూడా పాలిస్టరే, మందం 4 నుంచి 5 మిల్లీమీటర్లు. వెదురు పుల్లలను కలిపి కట్టిన దారం తెగితే నా దగ్గరికి రాకండి, మేదరి వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి, నా కన్నా బాగా చేస్తారు. మన ఊళ్ళలో వీటికి కోతులు పెద్ద శత్రువులు, తాడు పట్టుకుని ఊగుతాయి. కాజీపేటలో ఒక ఇంట్లో ఒకే వేసవిలో మూడుసార్లు తాడు వేశాను. చివరికి సాయంత్రం తెర ఎత్తగానే తాడును చుట్టి పైకి ముడి వేసి పెట్టమని చెప్పాను. పట్టు దొరక్కపోతే అవి ఇంకో ఇంటికి పోతాయి.

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష చేయండి, ఇది తప్పితే పైన చెప్పినదంతా వృథా. గాజు వైపు ఉన్న నిచ్చెన దారాన్ని రెండు వేళ్ళతో పట్టి గట్టిగా గుంజండి. మే నెలలో 43, 44 డిగ్రీల పడమటి ఎండ ఆ దారానికే ముందు తగులుతుంది, గాజు దాన్ని పూర్తిగా ఆపదు. పుటుక్కున తెగితే బ్లైండ్ ఆయుష్షు అయిపోయింది, కొత్త తాడు వేసినా రెక్కలు ఒక్కొక్కటే రాలతాయి, అప్పుడు కొత్తదే కొనుక్కోండి. లాక్ ప్లాస్టిక్ పగిలి ఉంటే మాత్రం భయం లేదు, లాక్ విడిగా దొరుకుతుంది, పాతది తీసుకెళ్ళి అదే కొలతది తెచ్చుకోండి.

బిగించడం అయ్యాక రోజూ సగానికే ఎత్తే అలవాటు మానమనను, కాని నెలకొకసారి ఆపే ఎత్తును జానెడు పైకో కిందికో జరపండి. పళ్ళు కొత్త చోట పడతాయి.